ఎవాంగెలియన్ అర నింపుతున్నాను: పుస్తకాల వేట డైరీ

జూన్, మొదటి వారం

ముందు హద్దు గీసుకోకపోతే ఈ పని తెమిలేది కాదు. 'నియాన్ జెనెసిస్ ఎవాంగెలియన్' పేరు మీద అచ్చయినవన్నీ కొంటూ పోతే మా రెండు గదుల ఇల్లు చాలదు, నా జీతం అంతకన్నా చాలదు. ఈ జపాన్ యానిమే (యానిమేషన్) టీవీ సిరీస్ చూస్తే 26 ఎపిసోడ్లే. 1995 అక్టోబరు 4న టీవీ టోక్యోలో మొదలై, 1996 మార్చి 27న ముగిసింది. దాని చుట్టూ మాత్రం మాంగాలు (జపాన్ కామిక్స్), నవలలు, ఆర్ట్ బుక్కులు, సినిమా హాల్లో అమ్మిన పాంఫ్లెట్లు ముప్పై ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి.

మనవాళ్లలో చాలామందిలాగే నేనూ దీన్ని 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాకే చూశాను. 2021 ఆగస్టులో చివరి సినిమా ప్రైమ్‌లో వచ్చేసరికి పిచ్చి బాగా ముదిరింది. పుస్తకాల ఆలోచన ఆ తర్వాతిది.

నరుటో, వన్ పీస్ కొనేవాళ్లకు ఈ తలనొప్పి లేదు. వాటికి మూలం మాంగాయే. ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టి చివరి నంబరు దాకా వెళ్తే సెట్ పూర్తయినట్టే. ఎవాకి, అంటే ఎవాంగెలియన్‌కి, మూలం తెర. పుస్తకాలన్నీ ఆ తెరని ఆనుకుని పుట్టినవి. కాబట్టి 'పూర్తి సెట్' అంటే ఏమిటో కొనేవాడే తేల్చుకోవాలి.

నేను తేల్చుకున్నది ఇదీ: సిరీస్ తీసినవాళ్ల చెయ్యి పడ్డ పుస్తకమైతే అర మీదికి వస్తుంది. పేరూ పాత్రలూ మాత్రమే తీసుకుని వేరేవాళ్లు గీసినదైతే ఎక్కడైనా దొరికితే చదువుతాను, కొనను. ఈ లెక్కన సిరీస్‌లో పాత్రల రూపాలు దిద్దిన యోషియుకి సదామోతో మాంగా లోపలికి, ఆయన ఆర్ట్ బుక్ 'డెర్ మోండ్' లోపలికి, యానిమేటర్ల కీ డ్రాయింగులతో వచ్చిన 'గ్రౌండ్‌వర్క్ ఆఫ్ ఎవాంగెలియన్' లోపలికి. కథలో పిల్లలు నడిపే ఎవా అనే భారీ యంత్రాలను డిజైన్ చేసిన ఇకుతో యమషితా రాసిన 'అనిమా' నవలలు కూడా లోపలికే. 'ఏంజెలిక్ డేస్', 'షింజీ ఇకారి రైజింగ్ ప్రాజెక్ట్', 'క్యాంపస్ అపొకలిప్స్' లాంటివి బయటికి. ఈ గీత ఎన్నాళ్లు నిలబడుతుందో చూడాలి.

జూన్ చివర

మొదటి కొనుగోలు సదామోతో మాంగా, ఇంగ్లిష్‌లో. ఈ మాంగా కథే ఒక విచిత్రం. సదామోతో సిరీస్‌కి క్యారెక్టర్ డిజైనర్. కథలోని ముఖ్య పాత్రలు షింజీ, రేయి, అసుకాల మొహాలు ఆయన గీసినవే. యానిమే ఇంకా తయారవుతుండగానే, 1994 చివర్లో, కడొకావా ప్రచురణ సంస్థ వాళ్ల షోనెన్ ఏస్ పత్రికలో ఈ మాంగా మొదలైంది. మొదటి వాల్యూమ్ పుస్తకంగా 1995లో, మొదటి ఎపిసోడ్ ప్రసారం కాకముందే షాపుల్లోకి వచ్చేసింది. అందుకే ఏది ముందు అని అడిగితే సమాధానం తిరకాసుగా ఉంటుంది: కథ యానిమేది, కాగితం ముందు మాంగాది.

యానిమే ఆరు నెలల్లో అయిపోయింది. మాంగా 2013 దాకా సాగింది. చివరిదైన 14వ వాల్యూమ్ 2014 నవంబరులో వచ్చింది. షింజీకి పద్నాలుగేళ్లు. ఆ వయసులో మొదటి వాల్యూమ్ కొన్న పిల్లాడు చివరిది చేతికొచ్చేసరికి ముప్పై దాటి, బహుశా పెళ్లయి, ఇంటి లోను కట్టుకుంటూ ఉంటాడు. మధ్యలో 11కీ 12కీ నడుమ దాదాపు మూడేళ్ల ఖాళీ. 2007లో, 2009లో కొత్త సినిమాలు వచ్చింది అప్పుడే, వాటి డిజైన్లు కూడా సదామోతోవే మరి.

ఇంగ్లిష్‌లో విజ్ మీడియా అనే అమెరికా ప్రచురణ సంస్థ రెండు రకాలుగా వేసింది: విడివిడిగా 14 వాల్యూమ్‌లు, లేదా మూడేసి కలిపి కుట్టిన లావు పుస్తకాలు అయిదు (అయిదోదాంట్లో రెండే ఉంటాయి). చదవడానికి లావువి తీసుకున్నాను. అర మీద చోటు ఆదా అవుతుంది, డబ్బూ కలిసొస్తుంది. ఒక్కటే ఇబ్బంది, రెండు పేజీల మీద పరుచుకున్న బొమ్మల నడిభాగం వెన్నుమడతలోకి వెళ్లిపోతుంది. సదామోతో పెద్ద బొమ్మలు గీసినప్పుడల్లా పుస్తకం వెన్ను విరిచి చూడాలనిపిస్తుంది, విరవబుద్ధి కాదు.

'డీమన్ స్లేయర్' సినిమా 2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలో ఆడింది. ఆ మాంగా హైదరాబాద్‌లో ఏ పెద్ద పుస్తకాల షాపులో అడిగినా చేతికిస్తారు. ఎవా అలా కాదు. ఆన్‌లైన్‌లో ఒకటి, రెండు, నాలుగు, అయిదు వరసగా దొరికాయి. మూడోది ఎప్పుడు చూసినా స్టాక్ లేదు. చివరికి ఒక అమ్మకందారు దగ్గర కొత్తదేనని రాసి ఉంటే ఆర్డర్ పెట్టాను. పార్సిల్ విప్పితే మూల నొక్కుకుపోయి, లోపల ఎవరిదో బుక్‌మార్క్ ఉంది. తిరిగి పంపితే మళ్లీ ఎన్నాళ్లు ఆగాలో తెలియదు కాబట్టి ఉంచేసుకున్నాను. బుక్‌మార్క్ బాగానే ఉంది.

జూలై, వానల్లో

అబిడ్స్ ఆదివారం బజారు. వాన ఆగీ ఆగకముందే ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ పట్టాలు తీసేసి పుస్తకాలు సర్దుతున్నారు. ఇక్కడ దొరికేవి ఎక్కువగా ఇంజనీరింగ్ పుస్తకాలు, పాత నవలలు. కామిక్స్ కుప్పలో మాత్రం ఒక్కోసారి విదేశీ లైబ్రరీల స్టాంపులున్న పుస్తకాలు పడి ఉంటాయి. అలాంటి కుప్పలోనే సదామోతో మాంగా మూడో వాల్యూమ్, విజ్ వాళ్ల పాత ముద్రణ కనబడింది. "జపాన్ బొమ్మల పుస్తకం సార్, రెండొందలు" అన్నాడు. నూట యాభైకి ఇచ్చాడు.

ఇది నాకు అవసరమైనది కాదు, కథ ఇప్పటికే నా దగ్గర ఉంది. కొన్నది వేరే కారణానికి. 1990ల్లో అమెరికాలో మాంగా వేసేటప్పుడు బొమ్మలన్నింటినీ అద్దంలో చూసినట్టు తిప్పేసి, ఎడమ నుంచి కుడికి చదివేలా అచ్చువేసేవారు. అమెరికా పాఠకుడికి కుడి నుంచి ఎడమకి చదవడం కష్టమని వాళ్ల భయం. ఈ పుస్తకం అలా తిప్పినదే. దీన్నీ లావు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి ఒకే సీను చూస్తే వింతగా ఉంటుంది. కుడిచేతివాటం వాళ్లంతా ఎడమచేతివాటం అయిపోయారు. గొడవ పడే ఇద్దరు చోట్లు మార్చుకున్నారు. ఒకే మనిషి మొహం తిప్పేసరికి కొద్దిగా వేరే మనిషిలా ఉంది. తర్వాత 2000ల్లో విజ్ ఈ మాంగాను మళ్లీ సరైన దిశలోనే వేసింది.

పాతవి ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి పనికొచ్చే చిట్కా ఒకటి. అట్ట ఫొటోలో ఏమీ తెలియకపోతే ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చేసే గుర్తింపు సంఖ్య) అడగండి. విజ్ పుస్తకాల్లో 1-56931తో మొదలైతే 1990ల నుంచి 2000ల మొదటి దాకా వేసినవి, తిప్పిన ముద్రణ అయ్యే అవకాశం ఎక్కువ. 1-59116 అయితే ఆ తర్వాతివి, 1-4215 అయితే ఇంకా తర్వాతివి. జపాన్ పుస్తకాలకు దేశపు అంకె 4. ఏ దేశానిదైనా పదమూడు అంకెల నంబరు 2007 నుంచే అమల్లోకి వచ్చింది కాబట్టి, పది అంకెలే ఉన్న ప్రతి దాదాపుగా అంతకుముందుదే. భాష రాకపోయినా ఇంతవరకు కనిపెట్టొచ్చు.

ఆగస్టు

మా పిన్ని కొడుకు టోక్యోలో ఉద్యోగం, ఉండేది నిషికసాయ్‌లో. ఆ పేటలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారంటే గోంగూర పచ్చడి అక్కడే దొరుకుతోందిట. అయినా పిన్ని పంపడం మానలేదు. ఆవకాయ అటు వెళ్లి, ఖాళీ అయిన పెట్టె ఇటు వస్తుంది. ఆ పెట్టెలో నా పుస్తకాలకి చోటు అడిగాను.

"అన్నయ్యా, పుస్తకాలకి లగేజీ వదులుకోమంటే కష్టం. మీ మరదలు లిస్టు చూశావా?" అన్నాడు. నాకు కావలసినవి సదామోతో మాంగా జపాన్ ముద్రణ వాల్యూమ్‌లేనని, పద్నాలుగూ కలిపి మూడు కిలోల లోపే ఉంటాయని చెబితే ఒప్పుకున్నాడు. జపాన్ మాంగా వాల్యూమ్ చిన్నది, బీ6 సైజు, కోటు జేబులో పడుతుంది.

ఒక శనివారం వాడు నకానో బ్రాడ్‌వే వెళ్లి వీడియో కాల్ చేశాడు. 1966లో కట్టిన షాపింగ్ భవనం అది. 1980లో అక్కడ చిన్న పాత మాంగా షాపుగా మొదలైన మందరాకే ఇప్పుడు ఒక్కో సరుక్కి ఒక్కో షాపు చొప్పున అంతస్తుల మీద పరుచుకుని ఉంది. ఒకచోట మాంగా, ఒకచోట బొమ్మలు, ఇంకోచోట యానిమే సెల్స్, అంటే పారదర్శక షీట్ల మీద గీసిన ఫ్రేముల బొమ్మలు. ఫోన్ తెరలో ఆ అరలు చూస్తుంటే నాకు ఇక్కడ కాళ్లు నిలవలేదు. వాడికి మాత్రం విసుగ్గా ఉంది. వాడు చూసేది క్రికెట్టే.

పాత పుస్తకం చేతిలోకి తీసుకోగానే ఏం చూడాలో ముందే వాడికి రాసి పంపాను. చివరి పేజీల్లో ఒకుజుకే అనే ముద్రణ వివరాల పేజీ ఉంటుంది. సంవత్సరం చాలాసార్లు చక్రవర్తి శకంలో ఉంటుంది. హేసేయ్ అంకెకి 1988 కలిపితే మన సంవత్సరం వస్తుంది, హేసేయ్ 7 అంటే 1995. దాని కింద ఎన్నో ముద్రణో ఉంటుంది. మొదటి ముద్రణని షోహన్ అంటారు. అట్ట కింది భాగం మీద చుట్టిన సన్నటి కాగితపు పట్టీ, అంటే ఓబి ఉంటే ధర పెరుగుతుంది. కాగితం అంచులు గోధుమరంగు తిరిగితే దాన్ని యకే అని చీటీ మీద రాసి ధర తగ్గిస్తారు. జపాన్ షాపుల్లో నాకు నచ్చేది ఇదే. మరక ఎక్కడుందో, ఎంత ఉందో వాళ్లే రాసిపెడతారు, మనం వెతికి పట్టుకోనక్కర్లేదు.

నాకు షోహన్ పిచ్చి లేదు. పద్నాలుగూ ఉంటే చాలు, ఎన్నో ముద్రణైనా ఫరవాలేదు అన్నాను. పూర్తి సెట్ ఒకటి తాడుతో కట్టి ఉంది, యకే ఉందని చీటీ. ధర మన డబ్బుల్లో చూస్తే ఇక్కడ రెండు లావు పుస్తకాలకయ్యేంత కూడా లేదు. జపాన్‌లో ఈ మాంగా లక్షల్లో అమ్ముడైంది కాబట్టి పాత ప్రతులకి కొదవ లేదు. అదే అట్టపెట్టెలో కొరియర్‌లో తెప్పిస్తే రవాణా ఖర్చు పుస్తకాల ధరని మించిపోయేది. పైగా 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం వేశారు.

సెప్టెంబరు: చదివిన తర్వాత

సిరీస్ చూడనివాళ్లు ఈ ఎంట్రీ దాటేయండి. కథ విప్పకుండా ఇది రాయలేను.

తెర మీద చూసిన కథనే కాగితం మీద మళ్లీ చదవడం ఎందుకని చాలామంది అడుగుతారు. సదామోతో మాంగా అదే కథ కాదు. లావా గుంటలోకి దిగే ఎపిసోడ్ ఇందులో లేదు. జెట్ అలోన్ అనే పోటీ రోబో లేదు. అసుకా పరిచయం ఓడ మీద కాదు, వీడియో గేముల షాపులో. సముద్ర యుద్ధం ఆ తర్వాత రికార్డింగ్‌గా కనిపిస్తుంది. యానిమే ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకునే సరదా ఎపిసోడ్లని సదామోతో చాలావరకు కోసేశాడు. మిగిలింది షింజీ, అతని తండ్రి, రేయి. నాకైతే ఈ కోత నచ్చింది. నవ్వు తగ్గింది, నిజమే. కథ మాత్రం నేరుగా తండ్రీకొడుకుల దగ్గరికి వెళ్తుంది.

షింజీ కూడా వేరేవాడే. టీవీలో ఎదురు మాట్లాడలేక తనలో తాను ముడుచుకుపోతాడు. మాంగాలో నోటి దురుసు ఉంది, మనసులో ఒకటి పెట్టుకుని బయట ఇంకొకటి అంటాడు. ఈ షింజీకి జాలి కాస్త తక్కువ పడుతుంది, నమ్మకం ఎక్కువ కలుగుతుంది. పద్నాలుగేళ్ల పిల్లల్ని దగ్గరగా చూసినవాళ్లకి ఆ దురుసు తెలిసినదే.

మూడో ఎవా యంత్రం అదుపు తప్పే సంఘటనలో షింజీ క్లాస్‌మేట్ తోజీ టీవీలో కాలు పోగొట్టుకుని బతుకుతాడు. మాంగాలో చనిపోతాడు. అది చదివిన రాత్రి లావు పుస్తకం మూసేసి, తర్వాతిది తెరవడానికి కొంత సమయం పట్టింది. ఆ ఒక్క చావుతో కథ బరువు మారిపోతుంది. ఆ తర్వాత షింజీ చేసే ప్రతి పనికీ వెనక తోజీ ఉంటాడు. టీవీలో 24వ ఎపిసోడ్‌లో వచ్చి అందులోనే వెళ్లిపోయే కవోరు ఇక్కడ చాలా ముందే వస్తాడు. వచ్చీ రాగానే ఒక పిల్లిపిల్లని గొంతు నులిమి చంపేస్తాడు. పైకి చూస్తే అతనికి అది దయే, ఆకలితో చచ్చేదాన్ని ముందే చంపాడు. షింజీ అసహ్యించుకుంటాడు. టీవీలో వాళ్లిద్దరి స్నేహాన్ని ఇష్టపడ్డవాళ్లకి ఈ కవోరు మింగుడుపడడు. నాకు మాత్రం మనిషి కానివాడు మనిషిలా ఉండాలని చూడటం ఇక్కడే బాగా అర్థమైంది. కాజీ చిన్నతనం గురించి టీవీలో దాదాపు ఏమీ ఉండదు, మాంగాలో తమ్ముడు, ఆకలి, సైనికుల గోదాము కథ పూర్తిగా ఉంది. నాకు మొత్తం 14 వాల్యూమ్‌లలో అన్నింటికన్నా గుర్తుండిపోయింది అదే.

చివర మంచు పడుతుంది. టీవీ చూసినవాళ్లకి దీని బరువు తెలుసు. ఆ లోకంలో సెకండ్ ఇంపాక్ట్ అనే మహా విపత్తు తర్వాత జపాన్‌లో ఎప్పుడూ ఎండాకాలమే. మంచులో రైలెక్కి షింజీ పరీక్ష రాయడానికి వెళ్తాడు. 14వ వాల్యూమ్ వెనక అదనపు అధ్యాయం ఒకటి ఉంది, షింజీ తల్లి యూయి క్యోటోలో చదువుకుంటున్న రోజులది. కొత్త సినిమాల్లోని మారి అనే అమ్మాయిని అక్కడ కలిపేశాడు. దాని మీద అభిమానులు ఇంకా కొట్టుకుంటున్నారు. నాకు అది లేకపోయినా నష్టం లేదనిపించింది.

అక్టోబరు: గీత జరిగింది

'షింజీ ఇకారి రైజింగ్ ప్రాజెక్ట్' నా నిబంధన ప్రకారం బయటి పుస్తకం. ఒసాము తకహాషి గీసిన 18 వాల్యూమ్‌ల స్కూల్ కామెడీ. ప్రపంచం అంతం కాదు, షింజీ తల్లిదండ్రులిద్దరూ బాగానే ఉంటారు, అసుకా రేయి ఇద్దరికీ షింజీ మీద మనసు. ఈ లోకానికి బీజం టీవీ సిరీస్‌లోనే ఉంది: 26వ ఎపిసోడ్‌లో కొద్ది నిమిషాల పాటు షింజీ ఊహలో కనిపించే మామూలు స్కూల్ జీవితం. ఆ కొద్ది నిమిషాల నుంచి కడొకావా ఫుమినో హయాషి చేత 'ఏంజెలిక్ డేస్' ఆరు వాల్యూమ్‌లు, తర్వాత ఇది పిండింది. వ్యాపారమంటే అదీ.

కానీ ఈ రైజింగ్ ప్రాజెక్ట్ ఇంగ్లిష్ పుస్తకాలు, డార్క్ హార్స్ అనే ప్రచురణ సంస్థ వేసినవి, ఒక మిత్రుడి దగ్గర చూసి మనసు మార్చుకున్నాను. మాంగా కోసం కాదు. వెనక పేజీల్లో 'మిసాటోస్ ఫ్యాన్ సర్వీస్ సెంటర్' అని పాఠకుల ఉత్తరాల విభాగం ఉంది. దాన్ని నడిపింది ఎడిటర్ కార్ల్ గుస్టవ్ హార్న్. అంతకుముందు విజ్‌లో సదామోతో మాంగాకి ఎడిటర్ ఆయనే. ఉత్తరాలకి ఆయన జవాబులు, అభిమానులు పంపిన బొమ్మలు, మధ్యలో ఎవా గురించి పనికొచ్చే సమాచారం. ఇంటర్నెట్ చర్చల్లో కొట్టుకుపోయే మాటలు ఇక్కడ అచ్చులో నిలిచి ఉన్నాయి. ఆ పేజీల కోసం మొదటి కొన్ని వాల్యూమ్‌లు తీసుకుంటున్నాను. నిబంధనకి సవరణ: సిరీస్ తీసినవాళ్ల చెయ్యో, దాన్ని మోసినవాళ్ల చెయ్యో పడి ఉండాలి.

'అనిమా' మొదటి నవల కూడా ఈ నెలలోనే వచ్చింది. సెవెన్ సీస్ ఇంగ్లిష్‌లో అయిదు వేసింది. ప్రపంచం అంతం కాకుండా ఆగిపోయి ఉంటే మూడేళ్ల తర్వాత ఏం జరుగుతుందన్నది కథ. యంత్రాల డిజైన్లు చూస్తే కళ్లు తిరుగుతాయి, గద్యం మాత్రం యంత్రాల విడిభాగాల జాబితాలా చదివిస్తుంది. బొమ్మల కోసం ఉంచుతాను. మిగతా నాలుగూ తొందరేం లేదు.

నవంబరు

వానాకాలం పోయింది కాబట్టి అర సర్దాను. మా బీరువా గోడకి చెమ్మ ఉంది, అక్కడ పెట్టదలుచుకోలేదు. హాల్లో లోపలి గోడకి చెక్క అర వేయించి, గోడకీ పుస్తకాలకీ మధ్య గాలి ఆడేలా చోటు వదిలాను. జపాన్ పుస్తకాలకి పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు తమ్ముడే పంపాడు, అక్కడ వంద యెన్‌ల షాపుల్లో బీ6 కొలతకి కట్ చేసినవి దొరుకుతాయి. పుస్తకం అట్టకి మాత్రమే తొడిగాను, మొత్తం కవర్లో పెట్టి మూసేయలేదు. మన వాతావరణంలో మూస్తే లోపల తేమ నిలిచి మరకలు పడతాయి. సిలికా సంచులు అరకి రెండు, నెలకోసారి ఎండలో పెడతాను. కలరా ఉండలు వేయమని అమ్మ అంది. ఆ వాసన కాగితంలో ఏళ్ల తరబడి పోదు, అందుకని వద్దన్నాను. వేపాకు పెట్టుకోమంది, దానికి సరే అన్నాను.

వరస విషయంలో కొంత తర్జనభర్జన జరిగింది. భాషని బట్టి పెడితే అందం, గీసినవాళ్లని బట్టి పెడితే అర్థం. రెండోదే పెట్టాను: సదామోతో మాంగా జపాన్ పద్నాలుగు, పక్కన ఇంగ్లిష్ అయిదు, ఆ పక్కన అబిడ్స్‌లో దొరికిన తిరగేసిన మూడోది, ఆ తర్వాత యమషితా, చివర డార్క్ హార్స్ పుస్తకాలు. ఎక్సెల్‌లో ఐఎస్‌బీఎన్, ముద్రణ, స్థితి, ఎక్కడ కొన్నాను, చదివానా లేదా అనే అయిదు గడులు. ఇంతకన్నా ఎక్కువ గడులు పెడితే నింపబుద్ధి కాదు.

ఇక మిగిలినవి పెద్దవే. 'గ్రౌండ్‌వర్క్' సంపుటాలు బరువు, వాటిని లగేజీలో అడగడానికి మొహమాటంగా ఉంది. 1997 జూలైలో 'ది ఎండ్ ఆఫ్ ఎవాంగెలియన్' విడుదలైనప్పుడు హాల్లో అమ్మిన పాంఫ్లెట్, అభిమానులు రెడ్ క్రాస్ బుక్ అని పిలుచుకునేది, దొరుకుతూనే ఉంటుంది. అందులో కథలోని పదాలకి వివరణలున్నాయి. అవి జపనీస్‌లో ఉన్నా నాకు కావాలి, ఎందుకంటే చర్చల్లో సగం వాదనలకి మూలం ఆ పేజీలే. తమ్ముడికి చెప్పాను. "సన్నదే కదా అన్నయ్యా, తెస్తా" అన్నాడు.

'డెర్ మోండ్' ఇంగ్లిష్ ప్రతి ఒకటి ఇక్కడే ఒకరి దగ్గర అమ్మకానికి ఉంది. అట్ట ఫొటోలు మూడు పంపారు. వెన్ను ఫొటో, ముద్రణ వివరాల పేజీ ఫొటో అడిగాను. అవి వచ్చాకే బేరం.